ప్లూటో ఒప్పుకోని పెళ్లి

గ్రహాలు ఎన్ని అని ఎవరైనా అడిగితే మీరు తొమ్మిది అంటారు. నేనూ అలాగే అనేదాన్ని. అనడమేమిటి, నలభై ఒక్క సంవత్సరాలుగా ఆ తొమ్మిదింటి మీదే బతుకుతున్నాను. మా గోగుల్లంక శివాలయంలో నవగ్రహ మండపం పక్కన నాకొక బల్ల ఉంది. సూర్యుడికి గోధుమలు, చంద్రుడికి బియ్యం, కుజుడికి కందులు, బుధుడికి పెసలు, గురువుకి శనగలు, శుక్రుడికి బొబ్బర్లు, శనికి నువ్వులు, రాహువుకి మినుములు, కేతువుకి ఉలవలు. తొమ్మిది పొట్లాలు కట్టి ఒక సంచిలో వేసి ఇస్తాను. కళ్లు మూసుకుని ముట్టుకున్నా ఏ పొట్లం ఎవరిదో చెప్పగలను. గ్రహాలతో నా పరిచయం అంతవరకే. వాళ్లు పైన, నేను కింద. ఒకరి జోలికి ఒకరం ఎప్పుడూ పోలేదు.

అలాంటిది మా మనవరాలు తేజస్విని పెళ్లికి ప్లూటో అడ్డం పడ్డాడు.

ప్లూటో ఎవరని నన్నడక్కండి. పోయిన వైశాఖం దాకా నాకూ తెలియదు. ఆ నెలలో మా గుడికి కొత్త ఈవో గారు వచ్చారు. శేషాచలం గారని, సన్నగా, పొడుగ్గా ఉంటారు. నగరంలో ఏదో శిక్షణకి వెళ్లి, అక్కడ భక్తికి శాస్త్రీయ దృక్పథం ఎలా కలపాలో నేర్చుకుని, ఆ వేడి చల్లారక ముందే మా ఊళ్లో దిగారు. వచ్చిన మర్నాడే మండపం ముందు నిలబడి వేలితో విగ్రహాలు లెక్కపెట్టారు. ఒకసారి కాదు, మూడుసార్లు.

"మామ్మగారూ, ఇవి ఎన్ని?" అన్నారు నావైపు తిరిగి.

"తొమ్మిదండి."

"యురేనస్‌ను కనిపెట్టి రెండువందల నలభై ఏళ్లు దాటింది. నేటి వరకూ ఈ ఆలయంలో దానికి ఒక పీఠం లేదు. ఇది ఎవరి నిర్లక్ష్యం?"

"నాది కాదు బాబూ. నేనొచ్చి నలభై ఏళ్లే అయింది" అన్నాను.

ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి నా జవాబు రాసుకున్నారు. వారం తిరిగేసరికి గుడి గోడకి ఉత్తర్వు అంటించారు. తేజు చదివి వినిపించింది. ఇందుమూలముగా సమస్త భక్తులకు తెలియజేయడమేమనగా, యురేనస్, నెప్ట్యూన్, ప్లూటో అను మూడు బాహ్య గ్రహములు అనాదిగా ఆకాశమున విధులు నిర్వర్తించుచున్నప్పటికీ, వాటికి తగు గుర్తింపు లభించనందున, సదరు గ్రహములను తక్షణమే మండపములో చేర్చుకొనడమైనది.

మా గుడి పంచాంగం చూసేది విశ్వపతి సిద్ధాంతి గారు. డెబ్బై దాటిన మనిషి, ఎవరినీ పల్లెత్తు మాట అనరు. ఆయన ఈవో గారి గదికి వెళ్లి నెమ్మదిగా చెప్పారు.

"అయ్యా, ఇది కంటికి కనిపించే గ్రహాల మీద కట్టిన శాస్త్రం. రాహుకేతువులు ఛాయలు, గ్రహణంలో వాటి పని కనబడుతుంది. ఈ మూడూ మామూలు కంటికి ఆనవు. వీటికి సొంత రాశి లేదు, దశ లేదు, వారం లేదు."

"వారం లేదా?" అని ఈవో గారు కుర్చీలో ముందుకి జరిగారు. "ఏడు గ్రహాలకి ఏడు వారాలు ఉన్నప్పుడు, వీటికి లేకపోవడం వివక్ష కాదా? వారానికి పది రోజులు చేయవలసిందిగా పై అధికారులకు ప్రతిపాదన పంపుతాను."

"మరి దశలండీ? తొమ్మిది గ్రహాలకీ కలిపి నూట ఇరవై ఏళ్లకి సరిపెట్టారు పెద్దలు. ఇంకో మూడు చేరిస్తే మనిషి నూట అరవై ఏళ్లు బతకాలి."

"ఆయుష్షు వైద్య శాఖ పరిధి. మన భాగం మనం చేద్దాం" అన్నారు ఈవో గారు.

సిద్ధాంతి గారు బయటికి వచ్చి నా బల్ల దగ్గర కూలబడి మంచినీళ్లు అడిగారు. రెండు గ్లాసులు తాగారు.

ఆ తర్వాత టేపు పట్టుకుని ఇంజనీరు గారు వచ్చారు. విగ్రహాలు ఇష్టం వచ్చినచోట పెట్టడానికి వీల్లేదట. ఆకాశంలో దూరాలు ఎలా ఉన్నాయో కిందా ఆ లెక్కనే ఉండాలట. మండపంలో సూర్యుడికీ శనికీ మధ్య ఆరడుగులు. ఆ లెక్కన యురేనస్ పన్నెండు అడుగుల దగ్గర, కాళ్లు కడుక్కునే కొళాయి పక్కన పడ్డాడు. నెప్ట్యూన్ పందొమ్మిది అడుగుల దగ్గర చెప్పుల స్టాండులో తేలాడు. ప్లూటోకి ఇరవై అయిదు అడుగులు కొలిస్తే టేపు ప్రహరీగోడ దాటి రోడ్డు మీదికి పోయింది. ఇంజనీరు గారు అటువైపు వెళ్లి సున్నంతో గుండ్రంగా గీశారు. అది ఆటోస్టాండు.

విగ్రహాలు ఎలా ఉండాలని శిల్పి అడిగితే, ఈవో గారు సెల్‌ఫోనులో బొమ్మ చూపించారు. బొమ్మలో మూడూ గుండ్రంగానే ఉన్నాయి. కాబట్టి మూడు గుండ్రాళ్లు చెక్కించారు. ప్లూటో చిన్నవాడట, కొబ్బరికాయంత చేశారు. ప్రతిష్ఠ అయిన రెండోరోజే ఎవరో ఆటో వెనక్కి దొర్లకుండా చక్రం కింద ప్లూటోని పెట్టుకుని టీ తాగడానికి వెళ్లాడు. అప్పటినుంచి గొలుసు వేశారు.

పన్నెండు గ్రహాలకీ కలిపి ప్రదక్షిణం చేస్తేనే ఫలితమని ఇంకో కాగితం వచ్చింది. మండపంలో మొదలుపెట్టి, కొళాయి దాటి, చెప్పుల స్టాండు చుట్టి, గేటు బయటికి వెళ్లి, ఆటోల మధ్యనుంచి ప్లూటోని చుట్టి, మళ్లీ లోపలికి రావాలి. అలా పన్నెండుసార్లు. మోకాళ్ల నొప్పులవాళ్లు మూడో చుట్టుకే కళ్లు తేలేసేవారు. మా ఆటోవాళ్లు మంచివాళ్లు, "ఎక్కండమ్మా, ప్లూటోని చుట్టించి గేటు దగ్గర దింపేత్తాం" అని షేరు ఆటోలు పెట్టారు.

నా బల్ల మీదికీ మూడు కొత్త గింజలు వచ్చాయి. యురేనస్‌కి సోయా, నెప్ట్యూన్‌కి మొక్కజొన్న, ప్లూటోకి ఓట్స్. ప్లూటోకి ఓట్స్ ఎందుకంటే, ఆయన చలిగా ఉండేచోట తిరుగుతాడు కనుక చలిదేశపు గింజ పడుతుందని కమిటీవారు తేల్చారు. నవధాన్యాలు కాస్తా ద్వాదశ ధాన్యాలు అయ్యాయి. నేనూ కట్టి ఇచ్చాను. కొనేవాళ్లకి లేని బాధ నాకెందుకు?

ఇంతలో రిటైరైన సైన్సు మాస్టారు ఒకాయన ఈవో గారికి ఉత్తరం రాశారు. ప్లూటోని గ్రహాల జాబితాలోంచి తీసేసి ఇరవై ఏళ్లు కావస్తోందని, మీరు ఇప్పుడు పీఠం వేశారని. దీనితో ప్లూటో పీడ వదిలిందనే అనుకున్నాం అందరం. ఈవో గారు మాత్రం ఉత్తరం రెండుసార్లు చదివి, "తొలగించారు సరే. విచారణ జరిపారా? సంజాయిషీ అడిగారా? తన వాదన చెప్పుకోవడానికి ప్లూటోకి అవకాశం ఇచ్చారా?" అని అడిగారు.

ఇవ్వలేదని మాస్టారు ఒప్పుకోవాల్సి వచ్చింది.

"అయితే అది చెల్లదు. ఎక్కువలో ఎక్కువ ప్లూటో సస్పెన్షన్‌లో ఉన్నట్టు భావించాలి. సస్పెన్షన్‌లో ఉన్నవారికి సగం ఇవ్వడం నిబంధన."

మర్నాటినుంచి ప్లూటోకి సగం కొబ్బరిచిప్ప, సగం పొట్లం, సగం ప్రదక్షిణం. సగం ప్రదక్షిణం చేసినవాళ్లు ఆటోస్టాండుకి అటువైపు తేలేవారు. మళ్లీ గుళ్లోకి ఎలా రావాలో ఉత్తర్వులో రాయలేదు. కొందరు అటునుంచి అటే ఇళ్లకి పోయారు.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉంది, మా ఇంటి గుమ్మం దాకా రానంతవరకూ.

తేజు మా అబ్బాయి సూరిబాబు కూతురు. మా ఊరి ఆసుపత్రిలో నర్సు. పుట్టినప్పుడు తెల్లవారుజామున నా చేతుల్లో పెట్టారు, రెండువేల సంవత్సరం, శ్రావణ మాసం, బయట చినుకులు. అది చేసుకోబోయే లోవరాజు రేవులో పంటు నడుపుతాడు. ఏటికి అవతలి ఊళ్లవాళ్లంతా అతని పంటు మీదే ఆసుపత్రికి వస్తారు. ఇద్దరూ ఒకే బళ్లో చదివారు, అతను రెండేళ్లు పైతరగతి. వాళ్ల సంగతి నాకు తొమ్మిదో తరగతినుంచి తెలుసు, సూరిబాబుకి మొన్న తెలిసింది. అతనికి చెల్లెలి పెళ్లి బాధ్యత ఉందంటే తేజు నాలుగేళ్లు ఆగింది. ఆ పెళ్లయింది, రెండువైపులా ఒప్పుకున్నారు, ఫాల్గుణంలో ముహూర్తం పెట్టుకున్నాం. గుడి కల్యాణ మండపంలోనే చెయ్యాలి. ఎందుకంటే మా ఊరి పురోహితులంతా గుడి జాబితాలో ఉన్నవాళ్లే. కొత్త నిబంధన ప్రకారం ఈవో గారి దగ్గర గ్రహానుకూలత పత్రం లేకుండా మంత్రం చదివితే జాబితాలోంచి పేరు కొట్టేస్తారు. ఎవరి పొట్ట వాళ్లది, వాళ్లని ఏమనగలం?

పిల్లలిద్దర్నీ తీసుకుని నేనే ఆఫీసుకి వెళ్లాను. కిటికీ అవతల సీనియర్ అసిస్టెంటు చక్రధరరావు కూర్చున్నాడు. నలభై ఏడేళ్లవాడు, నెమ్మదస్తుడు. పెళ్లి మాట ఎత్తితే లేచి వెళ్లిపోయే మనిషి. వాళ్ల అమ్మనీ, ఒక వీణనీ చూసుకుంటూ బతుకుతున్నాడు. అతను ఇద్దరి పుట్టినరోజులూ కంప్యూటర్లో కొట్టి, తెర వంక చూసి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"మామ్మగారూ, ఇద్దరికీ ప్లూటో వృశ్చికంలోనే ఉన్నాడండి. ఏకప్లూటో దోషం. పత్రం రాదు."

"నాకెప్పుడు పట్టిందండీ ఇది?" అన్నాడు లోవరాజు.

"పుట్టినప్పుడే."

"మా క్లాసులో ఇంకెవరికైనా ఉందాండీ?"

చక్రధరరావు కాగితం చూసి చెప్పాడు. "ప్లూటో మెల్లిగా నడుస్తాడు. ఒక్కో రాశిలో పన్నెండేళ్లు, పైమాటే. తొంభై నాలుగు నుంచి రెండువేల ఆరు దాకా పుట్టిన అందరికీ వృశ్చికమే."

"ఆయ్ బాబోయ్! అంటే ఊళ్లో పెళ్లీడు పిల్లలందరికీ ఉన్నట్టే కదండీ?"

"దరఖాస్తులు మాకు ఒక్కొక్కటే వస్తాయి. ఊరంతటి సంగతి మా సెక్షను కాదు."

తేజు కిటికీ చువ్వలు పట్టుకుని అడిగింది. "అయితే నేను ఎవర్ని చేసుకోవచ్చో అదైనా చెప్పండి."

అతను పాపం ఓపిగ్గా చెప్పాడు. పక్క రాశి కూడా పనికిరాదట, దాన్ని ద్విర్ద్వాదశం అంటారట. కాబట్టి ప్లూటో తులలో ఉండగా పుట్టినవాళ్లు వద్దు, ధనుస్సువాళ్లూ వద్దు. రెండు రాశులు వదిలి కన్యకి వెళ్లాలి. అంటే వరుడు ఎనభై ఒకటికి ముందు పుట్టి ఉండాలి.

"మా నాన్న ఈడువాళ్లు!" అంది తేజు.

"ముందుకి వెళితే మకరంలోనూ దొరుకుతారమ్మా. కానీ వాళ్లింకా అంగన్‌వాడీలో ఉంటారు."

దోషం ఎప్పటికైనా పోతుందా అని నేను అడిగాను. గ్రహం ఒక చుట్టు తిరిగి తన చోటికి వస్తే పోతుందన్నాడు. యురేనస్ దోషమైతే ఎనభై నాలుగేళ్లకి పోతుందట. ఊళ్లో ఆ వయసు దాటిన పెద్దాయన ఒక్కరే ఉన్నారు, ఆయనకి పత్రం తయారుగా ఉందట. ఆయన మాత్రం పిల్లని వెతుక్కోవడం లేదు.

అప్పుడు కంప్యూటరు పక్కనున్న యంత్రం గుర్రుగుర్రుమని ఒక కాగితం బయటికి తోసింది. తిరస్కరించిన దరఖాస్తుకి అనుకూలమైన సంబంధం అదే వెతికి పెడుతుందట, మొదట ఆఫీసు సిబ్బందిలో, ఆ తర్వాత ఊళ్లో. చక్రధరరావు కాగితం చేతిలోకి తీసుకున్నాడు. చదివాడు. మళ్లీ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఏం రాసింది నాయనా?" అన్నాను.

"వరుడు చక్రధరరావు, సీనియర్ అసిస్టెంటు, కన్యలో ప్లూటో" అని నూతిలోంచి మాట్లాడినట్టు చదివాడు. "ఇది నేను పెట్టుకున్నది కాదు మామ్మగారూ. మా అమ్మ మీద ఒట్టు."

లోవరాజు అతనివంక చూశాడు. అతను బల్లకింద ఏదో వెతుక్కుంటున్నట్టు వంగిపోయాడు.

ఈవో గారికి ఇది తెలిసి పొంగిపోయారు. తన పథకంలో కుదిరిన మొట్టమొదటి జంటట. జిల్లాలో ఆదర్శంగా నిలబడాలట. ఆదివారం ఉదయం పెళ్లిచూపులకి వెళ్లి నివేదిక సమర్పించవలసిందిగా చక్రధరరావుకి మెమో ఇచ్చారు.

మా సూరిబాబు సంగతి ఏం చెప్పను, నా కడుపున పుట్టినవాడే. "అమ్మా, మనం సంబంధాలు చూసుకుంటాం. దీనికి గవర్నమెంటే సంబంధం చూసింది. ఆఫీసు ఉజ్జోగం. పంటు ఏముంది, ఏరు ఎండితే ఒడ్డున పడుంటాది" అన్నాడు.

"ఏరు ఎండితే నీ కూతురు నడిచి దాటుతుంది, నీకెందుకురా?" అన్నాను.

"ఊళ్లో ఎవరికీ పత్రం రాకపోతే ఇది ఇంట్లో కూచుంటాదా? వచ్చిన సంబంధం వొదులుకోమంటావా?"

ఆ మాట విని తేజు లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. మా తేజు అరిచినంతసేపు నాకు భయం లేదు. ఆ రోజు నాకు భయం వేసింది.

ఆదివారం చక్రధరరావు అరటిపళ్లు పట్టుకుని వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో ఫైలు. సూరిబాబు ఎదురెళ్లి కుర్చీ వేశాడు. తేజు ఆసుపత్రి తెల్లకోటుతోనే కాఫీ తెచ్చి నిలబడింది.

"అంకుల్, మొన్న షుగరు రెండువందల పది ఉందిగా. పంచదార వెయ్యలేదు. మాత్ర రాత్రిపూట మానేస్తున్నారా?"

"లేదమ్మా, వేసుకుంటున్నాను" అన్నాడు పెళ్లికొడుకు.

"అబద్ధం. మొన్న మీ అమ్మగారు చెప్పారు. నాలుక చూపించండి."

అతను చూపించాడు. సూరిబాబు తల పట్టుకున్నాడు. తేజు లోపలికి వెళ్లాక చక్రధరరావు నివేదిక కాగితం తీసి, ప్రశ్నలన్నీ చదువుకుని, నన్ను అరుగు చివరికి పిలిచాడు.

"మామ్మగారూ, మీకు దణ్ణం పెడతాను. ఈ సంబంధం ఎలాగైనా చెడగొట్టండి. నేను వద్దంటే ఆజ్ఞాధిక్కారం అవుతుంది. ఆ పిల్ల నాకు ఇంజెక్షను ఇచ్చిన ప్రతిసారీ ఏడవొద్దు అంకుల్ అని చాకిలెట్టు చేతిలో పెడుతుందండి."

"నువ్వే ఆఫీసులో పెద్ద ఉజ్జోగస్తుడివి కదా, దారి నువ్వే చెప్పు."

"పెద్దేముందండీ, నాది తాత్కాలికం. పందొమ్మిదేళ్ల క్రితం ఈ సీటులో వేశారు. తుది ఉత్తర్వులు ఇంకా రాలేదు."

"రాకపోతే ఎలా కూచుంటున్నావు?"

"తుది ఉత్తర్వులకు లోబడి కూచుంటున్నానండి. మా ఆఫీసులో అంతా అంతే. ఈవో గారు కూడా ఇన్‌చార్జే. కల్యాణ మండపానికి కూడా కట్టుకోవడానికి తాత్కాలిక అనుమతే, కట్టి ముప్పై ఏళ్లయింది."

నేను అతనివంక చాలాసేపు చూశాను. నలభై ఒక్క ఏళ్లు గుళ్లో కూర్చుని ఎంతమంది ఈవోలని చూశాను! ఒక్కరైనా ఒక పనికి సరే అని చెప్పగా వినలేదు. కాదని చెప్పినవాళ్లూ తక్కువే. ఉంచండి చూద్దాం అనేవారు. ఆ ఉంచిన వాటిమీదే గుడి నడుస్తోంది. మనం వెళ్లి సరే అనమని అడిగితే ఎలా అంటారు? అడగాల్సింది అది కాదు.

"నాయనా, నీ రిపోర్టులో ఏమీ రాయకు. విచారణకి మామ్మ వస్తుందని రాయి" అన్నాను.

విచారణకి బుధవారం పిలిచారు. ఈవో గారు, పక్కన సిద్ధాంతి గారు, ఎదురుగా నేనూ, సూరిబాబూ, పిల్లలిద్దరూ. చక్రధరరావు రాసుకోవడానికి కూర్చున్నాడు.

"మామ్మగారూ, మీరు కోరుతున్న సడలింపు నిబంధనలకు విరుద్ధం" అని ఈవో గారు మొదలుపెట్టారు.

"సడలించొద్దు బాబూ. నిబంధన నిబంధనే. ఈ దోషం పోతే పత్రం ఇస్తారా?"

"గ్రహం జన్మస్థానానికి తిరిగి వచ్చిన పక్షంలో మాకు ఎటువంటి అభ్యంతరమూ ఉండదు."

"సిద్ధాంతి గారూ, ప్లూటో మళ్లీ వచ్చేదెప్పుడండీ?"

ఆయన వేళ్లమీద లెక్కపెట్టి, నావంక అనుమానంగా చూసి, "రెండువందల నలభై ఎనిమిదేళ్లకమ్మా. మీ మనవరాలిది రెండువేల సంవత్సరం కదా. రెండువేల రెండువందల నలభై ఎనిమిది" అన్నారు.

"ఓస్, అంతే కదా" అన్నాను. "మాకు తొందరేం లేదు బాబూ. ఫైలు అప్పటిదాకా ఉంచండి. అప్పుడే చూసి ఇవ్వండి."

ఈవో గారు కలం కింద పెట్టారు. ఆయన కళ్లు తడి అయ్యాయంటే మీరు నమ్మరు.

"ఇరవై ఆరేళ్ల నా సర్వీసులో తొందర లేదని చెప్పిన పౌరురాలిని మిమ్మల్నే చూశాను" అన్నారు.

"అప్పటికి మేం ఉంటామా..." అని లోవరాజు నోరు తెరిచాడు. కాలు తొక్కాను. "ఉంటామండి" అన్నాడు.

"ఈలోగా ఏం చెయ్యమంటారో మీరే సెలవియ్యండి బాబూ" అన్నాను. "ఆఫీసులో అందరికీ ఇస్తున్నదే మాకూ ఇప్పించండి."

ఆయన కాసేపు కళ్లు మూసుకున్నారు. తర్వాత ఏకబిగిన చెప్పుకుపోయారు, చక్రధరరావు చెయ్యి కాగితం మీద పరిగెత్తింది. సదరు దరఖాస్తు తుది పరిశీలనకు రెండువేల రెండువందల నలభై ఎనిమిదవ సంవత్సరమునకు వాయిదా వేయడమైనది. ఈలోగా దరఖాస్తుదారులు తుది ఉత్తర్వులకు లోబడి తాత్కాలికముగా వివాహము చేసుకొనవచ్చును. తుది ఉత్తర్వు వ్యతిరేకముగా వచ్చిన యెడల ఉభయులూ తమ పూర్వస్థితిని పొందవలెను. సంతానము కలిగిన యెడల వారిని కూడా తాత్కాలికముగానే పరిగణించవలెను. విచారణ తేదీన ఉభయులనూ హాజరుపరచుటకు నాయనమ్మ పూచీ వహించవలెను.

నేను వేలిముద్ర వేశాను.

"ఉదయం పదకొండుకల్లా తీసుకురండి" అన్నారు ఈవో గారు. "మధ్యాహ్నం నేను సీటులో ఉండకపోవచ్చు."

బయటికి రాగానే సూరిబాబు, "అమ్మా, మళ్లీ పిలుత్తారంటావా?" అన్నాడు. వాడు నిజంగానే అడిగాడు. ఏం చెప్పమంటారు?

ఇక పెళ్లి రోజు. శుభలేఖ మీద కూడా అడుగున తుది ఉత్తర్వులకు లోబడి అని అచ్చువేయించాం, అది కూడా షరతే. మండపం నిండా జనం. ఏటి అవతలనుంచి పంటు నాలుగుసార్లు తిరిగింది. నడిపింది లోవరాజు మేనమామ. ఈవో గారు మొదటి వరసలో కుర్చీ వేసుకుని, ఒళ్లో ఫైలు పెట్టుకుని కూర్చున్నారు. ఆదర్శ తాత్కాలిక వివాహం స్వయంగా పర్యవేక్షించాలట. చక్రధరరావు ఆయన వెనక నిలబడ్డాడు.

గట్టిమేళం అందుకుంది. తేజు తల వంచింది. లోవరాజు ఒక ముడి వేశాడు. రెండో ముడి వేశాడు.

"ఆగండి!" అని ఈవో గారు లేచారు. "మూడు ముళ్లు పడితే వివాహం సంపూర్ణం. ఇది తాత్కాలిక వివాహం. రెండు ముళ్లకు మాత్రమే అనుమతి. మూడవ ముడి తుది ఉత్తర్వులు వెలువడే వరకూ నిలుపుదల చేయడమైనది."

మేళం ఆగింది. అయిదువందల మంది గుప్పిళ్లలో అక్షింతలతో అలాగే నిలబడిపోయారు. పురోహితుడు పుస్తకంలో ముఖం దాచుకున్నాడు. లోవరాజు వేళ్లు తేజు మెడవెనక పసుపుతాడు మీదే ఉన్నాయి, తియ్యలేదు, కదపలేదు. తేజు తల ఎత్తలేదు. నాలుగేళ్లు ఆగిన పిల్ల. ఇంకో రెండువందల ఇరవై మూడేళ్లు ఆగమంటున్నారు. నా దగ్గర ఇంకో ఎత్తు లేదు.

అప్పుడు చక్రధరరావు ముందుకి వచ్చాడు. ఈవో గారి ఒళ్లోని ఫైలు తెరిచి, కలం మూత తీసి చేతికిచ్చాడు.

"సార్, రెండు ముళ్లు మాత్రమే పడ్డాయని ఇక్కడ ధ్రువీకరించాలి. మీ సంతకం."

"ఎక్కడ?"

"ఇక్కడ సార్. ఇక్కడ కూడా. తేదీ వేసి, పూర్తి పేరు, హోదా."

సంతకం పెట్టమంటే పైకి చూసే అధికారిని నేను ఇంతవరకూ చూడలేదు. ఈవో గారు తల వంచారు. ఆయన సంతకం పొడుగైనది. ముందు పొడి అక్షరాలు, తర్వాత పేరు, తర్వాత కింద రెండు గీతలు, చుక్కలు. లోవరాజు మూడో ముడి వేశాడు, బిగించి వేశాడు. మేళం ఎవరు మొదలుపెట్టమన్నారో తెలియదు. అయిదువందల గుప్పిళ్లూ ఒక్కసారి తెరుచుకున్నాయి. ఫైలు మీదా, ఈవో గారి తలమీదా పసుపు బియ్యం కురిశాయి.

ఆయన తల ఎత్తి, కళ్లజోడు మీది గింజలు దులుపుకుని, "ఎన్ని పడ్డాయి?" అన్నారు.

"సంతకం అయిపోయింది కదా సార్" అన్నాడు చక్రధరరావు. "రెండే."